మనవాళ్ళు నిజంగానే అంత చదివారా?

ఈమధ్య ఒక సాహిత్య సభకు వెళ్ళాను. అధ్యక్షులవారు ఉపన్యాసం మధ్యలో ఆగి, ముందు వరుసలో కూర్చుని ఫోనులో ఏదో చదువుకుంటున్న ఒక అమ్మాయిని వేలెత్తి చూపించారు. “పంతొమ్మిదో శతాబ్దంలో పుస్తకం చేతబట్టారంటే మొదటి పుట నుంచి చివరి పుట దాకా ఏకాగ్రచిత్తంతో చదివేవారు. మీ తరానికి తెరను వేలితో తోయడం తప్ప ఏమీ రాదు” అన్నారు. సభ చప్పట్లు కొట్టింది. ఆ అమ్మాయి తల దించుకుంది. ఆమె ఏం చదువుతోందో ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు. ఆ సిగ్గుతోనే ఈ టపా రాస్తున్నాను.

అధ్యక్షులవారి మాటకు సాక్ష్యం ఎక్కడుంది? ఏ పుస్తకాలు అచ్చయ్యాయో ప్రచురణకర్తల జాబితాలు చెబుతాయి. ఎన్ని అమ్ముడుపోయాయో పద్దులు చెబుతాయి. కొన్న మనిషి చదివాడా, చదివితే ఎలా చదివాడు అన్నది మాత్రం అతని డైరీలూ ఉత్తరాలే చెప్పాలి. ఇంగ్లండులో అవి కుప్పలుగా మిగిలాయి గనుక ముందు అక్కడికే వెళదాం.

చార్లెస్ డార్విన్‌ను చూడండి. 1838 నుంచి 1860 వరకు చదవవలసిన పుస్తకాలకూ చదివిన పుస్తకాలకూ పట్టికలు రాసుకున్నాడు. చదివినవాటిలో చాలా పేర్ల పక్కన ‘పైపైన తిరగేశాను’ అన్న అర్థంలో నిజాయితీగా ఒక మాట చేర్చాడు. అంతటితో అయిపోలేదు. బరువైన పుస్తకం చేతిలో పట్టుకోవడం కష్టమని దాన్ని రెండు ముక్కలుగా కోసేవాడట! చిన్న పుస్తకాలలో తనకు పనికివచ్చే పుటలు ఉంచుకుని తక్కినవి చింపి పారేసేవాడట. ఇవన్నీ ఆయన కొడుకు ఫ్రాన్సిస్ రాసిన జ్ఞాపకాలలో ఉన్నాయి. భూగర్భశాస్త్రజ్ఞుడైన లయెల్‌తో, మీ పుస్తకాన్ని కోయవలసి వచ్చిందని చెప్పి, మరుసటి కూర్పును రెండు సంపుటాలుగా వేయించానని డార్విన్ గొప్పగా చెప్పుకునేవాడు కూడా. ఇక నవలలంటారా, ఇంటివాళ్ళు చదివి వినిపిస్తే పడుకుని వినేవాడు. విషాదాంత నవలలను చట్టం చేసి నిషేధించాలని 1876లో రాసిన ఆత్మకథలో అన్నాడు. వయసులో ఉండగా నౌకాయానంలో మిల్టన్‌ను వెంట మోసుకు తిరిగిన మనిషే, ముసలితనంలో షేక్స్పియర్‌ను భరించలేకపోయానని అందులోనే ఒప్పుకున్నాడు. మన సభలో ఇటువంటి మాట ఎవరైనా అని చూడమనండి!

జేన్ ఆస్టిన్ ఉత్తరాలు మరీ ముచ్చటైనవి. 1813 జనవరిలో ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’ ప్రతి ఇంటికి వచ్చిన రోజునే, భోజనానికి వచ్చిన పొరుగావిడకు తల్లీ కూతుళ్ళు మొదటి సంపుటంలో సగం చదివి వినిపించారు. పుస్తకం మీద రచయిత్రి పేరు లేదు. ఎదురుగా కూర్చున్నదే రచయిత్రి అని ఆ వచ్చినావిడకు తెలియదు. రెండోరోజు పఠనం మాత్రం రక్తి కట్టలేదు. తల్లి మరీ వేగంగా చదువుకుంటూ పోతోందని ఆస్టిన్ అక్కగారికి రాసిన ఉత్తరంలో విసుక్కుంది. ఆ నవల తొలి శ్రోతలలో ఒకరు దాన్ని విన్న తీరు అది!

మా నాయనమ్మకు అక్షరం ముక్క రాదు. తాతగారు అరుగు మీద కూర్చుని భారతం చదువుతుంటే గుమ్మం వెనక వత్తులు చేసుకుంటూ వినేది. ఆయన పద్యం తప్పితే లోపలినుంచే దిద్దేది. అధ్యక్షులవారి లెక్కలో ఆమె పాఠకురాలు కాదు. ఆమాటకొస్తే 1901 జనాభా లెక్కల నాటికి కూడా మన దేశంలో అక్షరాస్యులు నూటికి ఆరుగురు లేరు. ‘ఆ రోజుల్లో అందరూ చదివేవారు’ అన్నప్పుడు ఆ అందరూ ఎవరో కాస్త చెప్పి మరీ మురిసిపోవడం మర్యాద.

అక్షరం వదలకుండా చదివినవాళ్ళు అసలు లేరా అంటే, ఉన్నారు. గ్లాడ్‌స్టన్ డైరీలలో ఇరవై వేలకు పైగా శీర్షికలు ఎక్కాయి. అయితే నాకు ఎప్పుడూ గుర్తుకువచ్చేది మెకాలే. 1835 డిసెంబరు 30న కలకత్తా నుంచి మిత్రుడు ఎల్లిస్‌కు రాసిన ఉత్తరంలో, అంతకు ముందు పదమూడు నెలల్లో తాను చదివిన గ్రీకు, లాటిన్ గ్రంథాలను ఏకరువు పెట్టాడు. ఈస్కిలస్ రెండుసార్లు, సోఫోక్లీజ్ రెండుసార్లు, పిండార్ రెండుసార్లు, ప్లేటో దాదాపు అంతా. చదువుతుంటే కళ్ళు తిరుగుతాయి. అధ్యక్షులవారు కలలు కనే పాఠకుడు అచ్చంగా ఇతడే. ఆ పదమూడు నెలల నడుమనే, 1835 ఫిబ్రవరి 2న, తన ప్రసిద్ధమైన విద్యా నివేదికలో మంచి ఐరోపా గ్రంథాలయంలోని ఒక్క అలమర భారత, అరబ్బీ సాహిత్యాలన్నింటి పాటి చేస్తుందని రాశాడు. తనకు సంస్కృతమూ రాదు, అరబ్బీ రాదు, అనువాదాలు చూశానని ఆ నివేదికలోనే ఒప్పుకున్నాడు. ఈస్కిలస్‌కు రెండు పర్యాయాల తీరిక దొరికిన మనిషికి, ఊరి భాషలో ఓనమాలు దిద్దుకోవడానికి తీరిక దొరకలేదు. ఏకాగ్రతకు ఇంతకంటె నిదర్శనం ఏం కావాలి?

నేనూ ఒకటి ఒప్పుకోవాలి. డైరీ రాసుకునేవాళ్ళు తీరికా దీపపు నూనే ఉన్నవాళ్ళు. ఉత్తరంలో ఎవరైనా కాస్త గొప్పలు పోతారు. మెకాలే ఉత్తరంలో ఆ వాసన లేకపోలేదు. అందుకే ‘తిరగేశాను’, ‘విసుగేసింది’ అని రాసుకున్న చోట నేను ఎక్కువ నమ్ముతాను.

ఇక మన సంగతి. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే 18న చెన్నపట్నంలో బయలుదేరి, కాశీ చూసి 1831 సెప్టెంబరు 3న తిరిగివచ్చారు. దారి పొడుగునా రాసినదాన్ని మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్ళెగారికి పంపుతూ వచ్చారు. అది 1838లో ‘కాశీయాత్ర చరిత్ర’గా అచ్చయింది. ఆ మిత్రుడు కాగితాలు దాచారు కాబట్టి మనకు ఆ పుస్తకం దక్కింది. అందరి ఇళ్ళలోనూ అటువంటి మిత్రులు ఉండరు.

మా ఇంటి సంగతే చెబుతాను. తాతగారు వచ్చిన ప్రతి ఉత్తరాన్నీ ఇనుప తీగకు గుచ్చేవారు. ఆయన తండ్రిగారి నాటి కాగితాలు ఒక ట్రంకుపెట్టె నిండా ఉండేవి. తాతగారి సంవత్సరీకం అయ్యాక ఇల్లు సున్నం వేయించే సందట్లో తీగతో సహా అన్నీ నీళ్ళకాగు కిందికి వెళ్ళాయి. అప్పుడు నాకు పన్నెండేళ్ళు. పొయ్యిలోకి అందించినవాళ్ళలో నేనూ ఉన్నాను. మా ముత్తాతగారు ఏం చదివారో, ఏది సగంలో వదిలేశారో ఇక తెలిసే దారి లేదు. సాక్షులను కాల్చేసినవాళ్ళం, వాళ్ళు ఏమి చెప్పేవారో మాత్రం సభల్లో ధాటిగా చెబుతున్నాం.

మిత్రులారా, మీ అటకల మీద అటువంటి పెట్టెలు ఇంకా మిగిలి ఉంటే, పాత కాగితాలవాడికి వేసేముందు ఒక్కసారి విప్పి చూడండి. పాత పద్దుపుస్తకం చివరి పుటలో, ఫలానావారికి ఆదిపర్వం ఎరువిచ్చాను, ఇంకా తిరిగి ఇవ్వలేదు అని ఒక్క పంక్తి ఉన్నా చాలు. కనబడితే నాకూ రాయండి.