చూసింది చాలు, లెక్క చెప్పండి

పిహెచ్.డి. రోజుల్లో కథా సంకలనాల విషయసూచికల్లో ఆడపేర్లు వేళ్ళమీద లెక్కపెట్టుకునేదాన్ని. అందుకే గెరిల్లా గర్ల్స్ నాకు ఆత్మీయులు. గొరిల్లా ముసుగులు వేసుకున్న ఆ కళాకారిణులు 1989లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో తలలు లెక్కపెట్టారు. ఆధునిక కళా విభాగాల్లో స్త్రీ కళాకారులు 5 శాతం లోపే. నగ్నచిత్రాల్లో మాత్రం 85 శాతం స్త్రీలవే! 2012లో మళ్ళీ లెక్కిస్తే కళాకారిణులు 4 శాతం కూడా లేరు.

2017లో అదే మ్యూజియం 3,75,000కు పైగా చిత్రాలను ఇంటర్నెట్‌లో అందరికీ ఉచితంగా ఇచ్చింది. సంతోషమే. కానీ గోడమీద ఎవరుండాలో తేల్చేదెవరు? బొమ్మ పక్కన ఫొటో దిగమని, లైకు కొట్టమని పిలవడాన్ని భాగస్వామ్యం అంటే నేనొప్పుకోను. లెక్క అడిగిన ఆ స్త్రీలే అసలైన ప్రేక్షకులు. బొమ్మలో మన ఒళ్ళుంది. బొమ్మ కింద మన పేరేదీ?