రథం ఊరిది, పూలు దాతవి

శనివారం రాత్రి ఏడూ ఎనిమిది మధ్య ఆమడగూరులో కరెంటూ సిగ్నలూ రెండూ ఉన్నాయంటే, నా మనసు జర్మనీలో ఉన్నట్టే. అక్కడప్పుడు మధ్యాహ్నం మూడున్నర, బుండెస్‌లీగా మ్యాచ్‌లు మొదలయ్యే వేళ. “ఇంటి నిండా క్రికెట్టుండగా ఆ జర్మనీ ఆటేందన్నా నీకు?” అని అంగడి కాడ అడుగుతుంటారు. ఆట బాగుంటుంది, నిజమే. కానీ నన్ను కట్టిపడేసింది ఆ క్లబ్బులు ఎవరివి అనే లెక్క.

ఆ లెక్కను ‘యాభై ప్లస్ ఒకటి’ అంటారు. జర్మనీలో చాలా క్లబ్బులు సంఘాలుగా పుట్టాయి. ఏడాదికింత అని చందా కట్టినవాళ్లంతా సభ్యులు, వాళ్లు ఓటేసి పెద్దలను ఎన్నుకుంటారు. 1998లో క్లబ్బులు తమ ఫుట్‌బాల్ విభాగాన్ని కంపెనీగా మార్చుకోవచ్చని అనుమతి వచ్చింది. దాంతోపాటే ఒక షరతు పెట్టారు. బయటివాళ్లు ఎంత డబ్బైనా పెట్టొచ్చు, కానీ ఓట్లలో సగం, ఆపైన ఇంకొక్కటి సంఘం చేతిలోనే ఉండాలి. బయర్న్ మ్యూనిక్‌నే చూడండి. ఆడీ, అడిడాస్, అలియాంజ్ లాంటి మహా కంపెనీలు మూడు కలిసినా వాటి వాటా పావు వంతే. మిగతా 75 శాతం సంఘానిది. ఆ సంఘంలో మూడు లక్షల మందికి పైగా సభ్యులున్నారు.

మన వైపు వాళ్లకు ఇది అర్థం కావడానికి కదిరి దాకా పోతే చాలు. నరసింహస్వామి రథోత్సవానికి పూలు ఒకరిస్తారు, అన్నదానం ఇంకొకరు చేస్తారు. పెద్ద దాత అయితే ముందు వరసలో నిలబెట్టి మర్యాద చేస్తారు. అంతవరకే. “ఇంత ఇచ్చినా కదా, వచ్చే ఏడు రథాన్ని మా ఊరికి తోలుకుపోతా” అంటే ఒప్పుకుంటారా? మోకులు పట్టి లాగేది జనం. రథం ఏ వీధిలో తిరగాలో డబ్బు చెప్పదు.

జర్మనీలో ఈ మాట కాగితం మీద మాత్రమే లేదు. 2023 డిసెంబరులో లీగ్ పెద్దలు ఒక బేరం తలపెట్టారు. రాబోయే 20 ఏళ్ల ప్రసార ఆదాయంలో 8 శాతం దాకా పెట్టుబడి సంస్థకిచ్చి, సుమారు వంద కోట్ల యూరోలు తేవాలని. అభిమానులకు ఒళ్లు మండింది. వారం వారం మైదానంలోకి టెన్నిస్ బంతులు కురిపించారు. రిమోట్ బొమ్మ కార్లు వదిలారు. మ్యాచ్‌లు ఆగి ఆగి నడిచాయి. 2024 ఫిబ్రవరి 21న లీగ్ ఆ బేరాన్ని వదిలేసుకుంది. డబ్బుకు ‘వద్దు’ అని చెప్పి నెగ్గిన జనం ఆటల్లో ఎంతమంది ఉంటారు?

అలాగని అక్కడంతా బంగారం అనుకోవద్దు. లెవర్‌కూసెన్ మందుల కంపెనీ బాయర్‌ది, వోల్ఫ్స్‌బర్గ్ ఫోక్స్‌వ్యాగన్‌ది. ఈ రెండింటికీ మినహాయింపు ఉంది. 2009లో రెడ్‌బుల్ సొమ్ముతో మొదలైన లైప్‌జిగ్ అయితే సంఘం పెట్టింది గానీ, ఓటున్న సభ్యులను వేళ్ల మీద లెక్కపెట్టేంత మందితో సరిపెట్టింది. బయర్న్ వరసగా 11 ఏళ్లు టైటిల్ పట్టుకుపోయింది. 2024లో ఆ వరస తెంచింది మినహాయింపున్న లెవర్‌కూసెనే! 2005లో డోర్ట్‌మండ్ అప్పుల పాలై దివాలా అంచు దాకా పోయింది. కాబట్టి ఓటు ఉన్నంత మాత్రాన క్లబ్బు బాగా నడుస్తుందని కాదు. కానీ ఓటుంటే, ఊరి క్లబ్బును ఊరికి చెప్పకుండా ఎవరూ ఎత్తుకుపోలేరు.

మన దగ్గర సరిగ్గా ఆ పనే జరిగింది. హైదరాబాద్ ఎఫ్‌సీ గుర్తుందా? 2019లో పుణె సిటీ క్లబ్బు మూతపడితే ఆ స్థానంలో ఐఎస్‌ఎల్‌లోకి వచ్చింది. 2022 మార్చి 20న గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో కొట్టి ఛాంపియన్ అయింది. గోలీ కట్టిమణి ఆ రాత్రి మూడు పెనాల్టీలు ఆపాడు. రెండేళ్లు తిరక్కుండానే జీతాలు అందక ఆటగాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయారు. 2023-24లో 22 మ్యాచ్‌లాడి ఒక్కటే గెలిచి అట్టడుగున నిలిచింది. తర్వాత యజమాని మారాడు. 2025 అక్టోబరులో క్లబ్బు ఢిల్లీకి తరలి, ‘స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ’ అని పేరు మార్చుకుంది.

అంటే పుణెలో ఖాళీ అయిన కుర్చీ హైదరాబాద్ మీదుగా ఢిల్లీ చేరింది. ఇదేదో ఫుట్‌బాల్ తెలియని ఊరా? సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదు రోవర్స్ కప్పులు కొట్టింది. ఆ రహీం సాబే 1962లో భారత్‌కు ఏషియన్ గేమ్స్ స్వర్ణం తెచ్చిపెట్టారు. అలాంటి ఊళ్లో పసుపు జెర్సీ కొనుక్కుని, డప్పులు కొట్టి, గొంతు పోయేలా అరిచిన కుర్రాళ్లను ‘మీరేమంటారు?’ అని అడగాల్సిన నియమం ఒక్కటీ లేదు. జీతాలు ఆగినప్పుడు లెక్క చూపించమనడానికీ వాళ్లకు హక్కు లేదు.

రాత్రికి రాత్రి మనకు సగం ఓట్లు రావు, ఆ సంగతి నాకూ తెలుసు. మన క్లబ్బులు డబ్బున్నోడు పెట్టినవే, నష్టాలు మోసేది కూడా వాళ్లే. అయినా కనీసం ఒకటి అడగొచ్చు: ఊరు, పేరు, రంగు, ఈ మూడూ అభిమానులను అడక్కుండా మార్చకూడదని. యజమానిదే రాజ్యమైన ఇంగ్లండ్‌లోనే 2025లో చట్టం వచ్చింది. అక్కడిప్పుడు క్లబ్బు సొంత మైదానం వదిలి పోవాలంటే నియంత్రణ సంస్థ ఒప్పుకోవాలి. ముద్ర, రంగులు మార్చాలంటే అభిమానుల మాట వినాలి.

అనంతపురంలో విన్సెంట్ ఫెర్రర్ పెట్టిన ఆర్డీటీ వాళ్ల మైదానంలో మన పల్లెల పిల్లలు, ఆడపిల్లలు కూడా, బూట్లు కట్టుకుని ఫుట్‌బాల్ ఆడుతుంటారు. వాళ్లు రేపు ఎవరి జెర్సీ వేసుకోవాలి? మళ్లీ ఎవరో ఒకరు తెలుగు ఊరి పేరు పెట్టుకుని క్లబ్బుతో వస్తారు, డప్పులు తెమ్మంటారు. తీసుకుపోండి, వద్దనను. కాకపోతే టికెట్ కొనేముందు ఒక్క మాట అడగండి: “సభ్యత్వం ఉందా అన్నా? దాంట్లో ఓటుందా?”