వత్తులకు చోటు

2023 జనవరిలో ఆంగ్ల వికీపీడియా కొత్త రూపం దాల్చింది. 2010 నుంచి వాడుకలో ఉన్న ‘వెక్టర్’ స్థానంలో ‘వెక్టర్ 2022’ వచ్చింది. తెర ఈ కొస నుంచి ఆ కొసకు పరుచుకొనే పంక్తుల నిడివిని తగ్గించారు. విషయసూచికను వ్యాసం పక్కకు జరిపి, చదువుతున్నంతసేపూ కనబడేలా నిలిపారు. ఇరువైపులా ఇంత ఖాళీ దేనికని చాలామంది అభ్యంతరం చెప్పారు. పుస్తకాలు చదివే కంటికి మాత్రం ఆ ఖాళీ పాత చుట్టమే. పంక్తి మరీ పొడవైతే, తరువాతి పంక్తి మొదలు వెతుక్కోవడంలో చూపు దారి తప్పుతుంది.

ఇంత మార్పు జరిగినా వ్యాసాల్లోని వాక్యాలను ఎవరూ తిరగరాయనక్కరలేకపోయింది. పాఠ్యాన్ని ఒకచోట, దాని రూపాన్ని మరొకచోట ఉంచడమే స్టైల్‌షీట్ చేసిన మేలు. మంచి పుస్తకానికి కొత్త ముద్రణ వేయడం వంటిదే ఇది.

అయితే ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుల వెబ్‌సైట్లను తీర్చిదిద్దేవారు తరచు రోమన్ లిపికి సరిపడే కొలతలనే అన్ని భాషలకూ తొడుగుతారు. ‘రాష్ట్రం’ అని రాయాలంటే షకారానికి టకారం, రకారం రెండూ వత్తులుగా చేరాలి. ఆంగ్లానికి చాలిన ఎడంలో ఆ వత్తులు కింది పంక్తి గుడిదీర్ఘాలకు తగులుతాయి. ఎత్తు బిగించిన పెట్టెలో శీర్షికను కూర్చితే అడుగుభాగం తెగిపోతుంది. ఫాంటులో వాలు అక్షరాలు లేకపోతే బ్రౌజరు నిలువు అక్షరాలనే పక్కకు వంచుతుంది. చత్వారం వచ్చిన పాఠకుడికి ఇవన్నీ అలంకార దోషాలు కావు, చదువుకు అడ్డంకులు.

దీనికి విరుగుడు పాతదే. భాషను బట్టి వేరు నియమం రాసే వీలు 1998 నాటి రెండవ సీఎస్ఎస్ ప్రమాణంలోనే ఉంది. ఈ భాగం తెలుగు అని పుటలో గుర్తు పెడితే చాలు, అక్కడ మాత్రమే పంక్తుల ఎడం పెంచవచ్చు, వాలు అక్షరాలను మానిపించవచ్చు. అక్షర పరిమాణాన్ని పిక్సెళ్లలో బిగించకుండా, పాఠకుడు బ్రౌజరులో ఎంచుకున్న పరిమాణానికి అనుగుణంగా పెరిగేలా ఉంచవచ్చు. ఇదంతా కొద్ది వరుసల పని.

ఓపెన్ సోర్స్‌లో ఆ వరుసలు అందరికీ కనబడతాయి. సవరణ ప్రతిపాదించే అవకాశమూ అందరికీ ఉంటుంది. అది ఇంజనీర్ల వ్యవహారమని తెలుగు సాహితీపరులు పక్కన పెట్టడం సరికాదు. ప్రోగ్రాం రాయలేనివారు కూడా ఏ మాటలో ఏ వత్తు తెగిందో చూపగలరు. పుస్తకంలో ఒక్క అచ్చుతప్పు కనబడితే ప్రకాశకులకు ఉత్తరం రాసే పాఠకుడు, తెరమీద తెగిన వత్తును మాత్రం ఎందుకు సహించాలి?