కశాభం కొరడా కాదు

"కశాభం అనగా నేమి?" అని పరీక్షలో ప్రశ్న రాగానే మన విద్యార్థులు పలువురు ఒక కణాన్ని గీసి, దానికొక తోక తగిలించి, "బాక్టీరియా చలనాంగం" అని వ్రాసి మార్కులు పొందుతున్నారు. జవాబు తప్పు కాదు. కాని విద్య అంతటితో ముగిసిందని తృప్తిపడటం తగదని మా అభిప్రాయం.

భాష బోధించేవారం కనుక ముందుగా మాటనే పరిశీలిద్దాం. కశ అంటే కొరడా. కశాభం అంటే కొరడా వంటిది. లాటిన్‌లోని ఫ్లాజెల్లం అనే మాటకూ అర్థం కొరడాయే. ఈ పేరు ఆకారాన్ని బట్టి వచ్చింది. యూగ్లీనా వంటి జీవుల కశాభం నిజంగానే వంగుతూ ఆడుతుంది. బాక్టీరియా కశాభం అట్లా కాదు. ఓడ అడుగున తిరిగే మరవలె గిరగిర తిరుగుతుంది. 1973లో హోవర్డ్ బెర్గ్, రాబర్ట్ ఆండర్సన్ ఈ సంగతి ప్రతిపాదించారు. 1974లో సిల్వర్‌మన్, సైమన్ అనేవారు కశాభాన్ని గాజుపలకకు అంటించి చూడగా, తోక కదలలేక దేహమే తిరగసాగింది!

తోక మొదట్లో ఉన్న ఆ మోటారును నడిపేది కణంలోనికి ప్రవహించే హైడ్రోజన్ అయానులు. ఇ. కోలై అనే బాక్టీరియాలో తోకలన్నీ అపసవ్యంగా తిరిగితే ఒక కట్టగా చేరి దేహాన్ని ముందుకు నెడతాయి. సవ్యంగా తిరిగితే కట్ట విడిపోయి, జీవి పొర్లి, మరో దిక్కుకు తిరుగుతుంది. ఆహారం హెచ్చే దిక్కున సాగుతున్నంతసేపు ఈ పొర్లాటలు తగ్గుతాయి. కన్నులేని ప్రాణి దారి వెదుక్కునే ఉపాయం ఇదే.

ఇది పత్తికొండ రైతుబిడ్డకు ఎందుకని కొందరు అడుగవచ్చు. మన వేరుశనగ వేళ్ళ బుడిపెలలో నివసించి, గాలిలోని నత్రజనిని పైరుకు అందించే రైజోబియం జాతి జీవులకూ కశాభాలున్నాయి. అవి వేరు విడిచే పదార్థాల జాడ పట్టి ఈదుతాయి. కాని ఈదటానికి మట్టిరేణువుల నడుమ నీటిపొర ఉండాలి. పదును లేని నేలలో ఎంత చక్కని మోటారైనా నిష్ప్రయోజనమే. తడి ఉన్నా, అవి తమంతట తాము సాగగల దూరం స్వల్పం. కనుకనే రైజోబియం కల్చరును బెల్లపు నీళ్ళతో విత్తనానికి పట్టించి, ఎండ తగలకుండా నీడలో ఆరబెట్టి, పదునులో విత్తమంటారు. కారణం తెలియని రైతుకు అది వట్టి తంతుగా తోస్తుంది. తంతును మానటం తేలిక. కారణం చెప్పగలిగినవాడు ఆ ఇంట చదువుకునే బిడ్డయే.

కావున కళాశాల కమిటీవారికి మా మనవి: ఏటా ఒకనాడు ప్రతి విద్యార్థి నీటిబొట్టులో ఈదే జీవిని సూక్ష్మదర్శినిలో చూడాలి, మరొకనాడు చేనికి వెళ్ళి వేరుశనగ మొక్కను పెకలించి, బుడిపెను కోసి, లోపల ఎర్రదనం ఉన్నదో లేదో చూడాలి. ఆ ఎర్రదనమే బుడిపె పనిచేస్తున్నదనటానికి గుర్తు. విద్యార్థులారా! తెలుగులో చదివినా, ఉర్దూలో చదివినా, మాట వెనుక వస్తువును చూడనిదే ఆ మాట మీది కాదు.