కరిగిస్తే గ్రాము... దాస్తే చరిత్ర!

బెంజ్ సర్కిల్ నుంచి బందరు రోడ్డు వెంట తిన్నగా వెళ్తే దాదాపు 70 కిలోమీటర్లలో మచిలీపట్నం. ఈస్టిండియా కంపెనీ 1611లోనే అక్కడ వ్యాపారం మొదలుపెట్టింది. తర్వాత మద్రాసులో సొంత నాణేలూ ముద్రించింది. వాటిలో బుల్లి వెండి నాణెం ఫణం... మనవాళ్ల నోట రూక! బరువు గ్రాముకు కాస్త తక్కువే. కంపెనీ లెక్కలో 12 ఫణాలు ఒక రూపాయి, 42 అయితే వరహా.

18వ శతాబ్దపు ఫణం మీద ఒకవైపు దేవుడి బొమ్మ, రెండోవైపు పెనవేసుకున్న రెండు ‘సి’లు ఉంటాయి. అవి ఇంగ్లండు రాజు రెండో ఛార్లెస్ గుర్తు అంటారు. ఆయన 1685లోనే పోయినా గుర్తు మాత్రం పోలేదు! 1807లో మొదలైన కొత్త ఫణాల మీదైతే విలువను తెలుగులోనూ రాశారు.

అమ్మమ్మ పెట్టెలో ఇలాంటిది కనిపిస్తే చింతపండుతో తోమకండి. నలుపుతోపాటు అచ్చూ అరిగిపోతుంది. సేకరించేవారు మెరుపు కన్నా అచ్చునే చూస్తారు. వెండికొట్లో వేస్తే వచ్చేది గ్రాము వెండి ధరే. అందుకే కాగితం కవర్లో పెట్టి, అది ఎవరి పెట్టెలోదో పైన రాయండి. నాణెం ఏ కాలానిదో నిపుణులు చెబుతారు. ఎవరు దాచారో చెప్పగలిగేది మీరే!