ఇద్దరు సాక్షులు లేని కాగితం

వీలునామా మాట ఎత్తితే చాలు, మన ఇళ్లలో పెద్దలు నొచ్చుకుంటారు. "అప్పుడే నన్ను సాగనంపుతున్నారా?" అంటారు. శుభమా అని ఆ మాటలేమిటని పక్కవాళ్లు కసురుతారు. ఈ వారం ఒక చావింటికి పరామర్శకు వెళ్లి వచ్చాక ఆ పట్టింపు మీద నాకు గౌరవం పోయింది.

పోయినావిడ సర్కారు బడిలో లెక్కలు చెప్పిన టీచరమ్మ. పెళ్లయిన కొన్నాళ్లకే భర్త పోయారు. పిల్లల్లేరు. పుట్టింటికి వచ్చి చదువుకుని, ఉద్యోగం తెచ్చుకుని, లోను పెట్టి రెండు గదుల ఇల్లు కట్టుకున్నారు. డయాలసిస్‌కు తిప్పింది, పథ్యం వండిపెట్టింది తమ్ముడూ మరదలూ. పదకొండో రోజు బీరువా సర్దుతుంటే నోట్‌బుక్కులోంచి చించిన రూళ్ల కాగితం ఒకటి బయటపడింది. ఇల్లూ, బ్యాంకులో డబ్బూ తమ్ముడికే చెందాలని గుండ్రటి అక్షరాలతో రాసి, కింద తేదీ వేసి సంతకం చేశారు. సాక్షి సంతకం ఒక్కటీ లేదు.

ఆ కాగితం చెల్లదు. 1925 నాటి భారత వారసత్వ చట్టం 63వ సెక్షన్ ప్రకారం వీలునామాకు కనీసం ఇద్దరు సాక్షులుండాలి. ఆమె సంతకం పెడుతుండగా వాళ్లు చూడాలి, లేదా అది తన సంతకమేనని ఆమె నోట వినాలి. ఆపైన ఆమె ఎదుటే తామూ సంతకాలు చేయాలి. స్టాంపు పేపరు అక్కర్లేదు. రిజిస్ట్రేషన్ కూడా తప్పనిసరి కాదు, చేయిస్తే మంచిదే. ఈ నాలుగు ముక్కలూ ఒక లాయరు చెప్పి ఉంటే, ఆవిడ ఆ సాయంత్రమే పక్కింటివాళ్లను పిలిచి పని పూర్తి చేసుకునేవారు.

వీలునామా లేనప్పుడు ఇల్లెవరిది? ఇక్కడే నాకు కడుపు మండుతుంది. హిందూ వారసత్వ చట్టం 1956లో వచ్చింది. అందులో 15వ సెక్షన్ ప్రకారం భర్త, పిల్లలు లేని ఆడమనిషి స్వార్జితానికి ముందు వరసలో ఉండేది భర్త వారసులు. కన్న తల్లిదండ్రులు ఆ తర్వాతే. తోడబుట్టినవాళ్లు ఇంకా వెనక. తల్లిదండ్రుల నుంచి వచ్చిన ఆస్తి అయితే పుట్టింటికి తిరిగి వెళుతుంది గానీ, తన చెమటతో సంపాదించుకున్నది వెళ్లదు. అదే మగవాడు పోతే అతని ఆస్తి భార్య పుట్టింటికి వెళుతుందా? 2009లో ఓంప్రకాశ్, రాధాచరణ్ కేసులో అత్తింటివాళ్లు గెంటేసిన వితంతువు ఆస్తి సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఆమెను చదివించింది పుట్టింటివాళ్లు. చివరికి ఆమె బ్యాంకు డబ్బు, పీఎఫ్ వెళ్లింది ఆడపడుచు కొడుకులకు. సానుభూతిని బట్టి తీర్పు చెప్పలేమంది కోర్టు. అలాంటి చట్టాన్ని ఇన్నేళ్లుగా ఎందుకు మోస్తున్నామో పార్లమెంటులో కూర్చున్నవాళ్లు చెప్పాలి.

టీచరమ్మ బావగారి కొడుకులు వచ్చి ఇంటి కాగితాలు అడిగి వెళ్లారు. బ్యాంకులో తమ్ముడే నామినీ కదా అని ఎవరో ధైర్యం చెప్పారు. నామినీ డబ్బు తీసుకోగలడు గానీ, తీసుకున్నది వారసులకు అప్పజెప్పాలి. ఈ సంగతి ఎంతమందికి తెలుసు?

గృహప్రవేశానికి లక్షలు పెట్టే మనం, ఆ ఇల్లు ఎవరికి చెందాలో రాయించడానికి లాయరు ఫీజు దండగ అనుకుంటాం. రిజిస్ట్రారు ఆఫీసు ఎదురుగా పాత దస్తావేజులో పేర్లు మార్చి రాయించుకుంటాం. మంచి లాయరు రాసేముందు అడుగుతాడు. ఏది స్వార్జితం, ఏది పిత్రార్జితం? ఎవరికి ఇవ్వాలనుకున్నారో వాళ్లే ముందు పోతే ఎవరికి? రాయడం మరిచిపోయిన ఆస్తి ఎవరికి? సాక్షులు మీకన్నా చిన్నవాళ్లేనా, రేపు కోర్టుకు రాగలరా? ఇల్లు ఇప్పుడే సెటిల్‌మెంట్ చేసేస్తామనే తల్లిదండ్రులను ఆపేదీ అతనే. వీలునామాను బతికున్నన్నాళ్లూ మార్చుకోవచ్చు. సెటిల్‌మెంట్ రాసిచ్చాక వెనక్కి తీసుకోవాలంటే ఆర్డీవో ఆఫీసుల చుట్టూ తిరగాలి.

లాయర్ల మాట వచ్చింది కాబట్టి ఇంకో సంగతీ చెప్పాలి. తండ్రి పోయిన ఇంట్లో మాసికాలన్నా కాకముందే అక్కచెల్లెళ్ల ముందుకు హక్కు విడుదల పత్రం వస్తుంది. పసుపు కుంకుమల కింద పట్టుచీర పెట్టి, "ఇక్కడో సంతకం చెయ్యమ్మా" అంటారు. పెళ్లికాని కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమానంగా వాటా ఇచ్చే చట్టం ఎన్టీఆర్ హయాంలో 1985 సెప్టెంబర్ 5 నుంచి అమల్లోకి వచ్చింది. దేశమంతటా కూతుళ్లందరికీ ఆ హక్కు దక్కడానికి 2005 దాకా పట్టింది. అంత కష్టపడి వచ్చిన హక్కు పట్టుచీరకు పోతోంది. పత్రం రాయించేది అన్న, లాయరును పెట్టేది అన్న, ఫీజు కట్టేది అన్న. చెల్లెలి తరఫున ఆ కాగితం చదివే మనిషే ఉండడు. ప్రేమతో వాటా వదులుకోవాలనుకుంటే వదులుకోనివ్వండి. ఏం వదులుకుంటోందో ముందు ఆమెకు తెలియాలి.

అన్నలతో పేచీ పెట్టుకోమని కాదు. సంతకానికి ముందు రెండు రోజుల గడువడిగి, ఆ పత్రాన్ని మీ సొంత లాయరుకు చూపించండి. డబ్బు లేకపోతే న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి. 1987 నాటి చట్టం 12వ సెక్షన్ ప్రకారం ఆడవాళ్లకు అక్కడ ఉచితంగా న్యాయ సలహా ఇవ్వాలి. ఆదాయం ఎంతన్నది చూడరు. జిల్లా కోర్టుకు వెళ్లి అడిగితే ఆఫీసు ఎక్కడో చెబుతారు.