పేరడిగే చెవులు

పాటను పాటగా వినాలి, కట్టినోడెవడో చూడొద్దు అని మనకు బుద్ధులు చెప్పే పెద్దలు చానామందే ఉన్నరు. నేనడుగుతున్నా: ఈ దేశంలో పేరు చూడకుండా పాట విన్న చెవి ఏది? ఇక్కడ పేరంటే ఉత్త పేరు కాదు. పేరు వెనక ఇంటిపేరు, ఇంటిపేరు వెనక వాడ, వాడ వెనక కులం.

మాది ఇబ్రహీంపట్నం మాదిగవాడ. మా తాత, మా అయ్య డప్పు కొట్టినోళ్లు. తోలును సున్నంల నానబెట్టి, వెంట్రుక గీకి, పలకకు బిగించి, గడ్డి మంట మీద కాపి, సిర్ర, సిటికెన పుల్ల పట్టుకుంటే చావుకొక దరువు, పెండ్లికొక దరువు, బోనాలకొక దరువు. ఆ దరువులు కట్టిందెవరు? వాళ్ల పేర్లు ఏ పుస్తకంలో ఉన్నయి? త్యాగరాజు కృతి చివరికొచ్చేసరికి ఆయన ముద్ర వినిపిస్తది. వినేటోడు ఆ పేరుకే సగం చేతులు జోడిస్తడు. మా అయ్య దరువుకు ముద్ర లేదు. ఊర్లె సావైతే "అరేయ్" అని ఒక పిలుపు మాత్రం ఉండేది.

నేను కాలేజీల చదివేటప్పుడు ఒక పాటల పోటీ జరిగింది. మా అవ్వ నాట్ల కాడ కట్టిన పాట పాడిన. జడ్జి తలూపుకుంటూ విన్నడు. "బాగుందయ్యా, ఎవరి రచన?" అన్నడు. "మా అవ్వది సార్, కూలికి పోతది" అన్న. "ఓ... జానపదమా" అని పెన్ను కింద పెట్టిండు. పాట మారలే, రాగం మారలే. మారింది ఆయన చెవి. జానపదం చెడ్డ మాటేం కాదు. కానీ కట్టిన మనిషి కండ్ల ముందు బతికున్నా ఆమె పేరును మింగేసే మాట అది.

ఈ రోగం లోకమంతటా ఉంది. ఫ్రిట్జ్ క్రైస్లర్ అనే పేరుమోసిన వయొలిన్ విద్వాంసుడు తను కట్టిన సంగీతాన్ని పున్యాని, కూపెరిన్ వంటి పాతకాలపు వాళ్ల పేర్ల మీద ఏండ్ల తరబడి వాయించిండు. లోకం నమ్మింది. 1935ల అవి నావేనని బయటపెడితే విమర్శకులకు కోపమొచ్చింది. ఒక్క స్వరం కూడా మారకపోయినా కోపమెందుకు? వాళ్లు మెచ్చుకున్నదాంట్ల పేరు వాటా ఎంతో బయటపడ్డందుకు. ఆయన పాటకు పెద్ద పేరు తగిలిస్తే గౌరవం వచ్చింది. మన పాటకు పేరు తీసేస్తేనే గౌరవం.

2024ల తెలంగాణ రాష్ట్ర గీతం సంగతి చూడండి. రాసింది బడి చదువు లేని అందెశ్రీ. సంగీతం కీరవాణికి అప్పజెప్పిండ్రు. పాట బయటికొచ్చింది జూన్ 2న. కొట్లాట మే నెలలనే మొదలైంది. ఆంధ్ర సంగీత దర్శకుడెందుకని ఒక దిక్కు, ఆస్కార్ తెచ్చినాయన కదా అని ఇంకో దిక్కు. ఆ బాణీని అప్పటికి విన్నదెవరు? వినకముందే తీర్పు అయిపోయింది. ప్రాంతం మీద వచ్చిన ఆ కోపానికి చరిత్ర ఉంది, నేను కాదనను. కానీ ప్రాంతం పేరు మీద లేచిన గొంతులు, కులం పేరు మీద మన పాటను తక్కువ చేసినప్పుడు ఎందుకు లేవవు?

మన ఇంటి సంగతి కూడా చెప్పుకోవాలె. "ఊరు మనదిరా" రాసింది గూడ అంజయ్య. మా దిక్కు చానామంది అది గద్దర్ పాటనే అంటరు. గద్దర్ మనోడే, గొప్పోడే. అయినా పెద్ద పేరు నీడల ఇంకో దళిత కవి పేరు కనబడకుంట పోతే ఉద్యమానికి నష్టం కాదా?

పేర్లన్నీ తీసేసి, తెర వెనక నుంచి పాడిస్తే న్యాయం జరుగుతదని కొందరంటరు. పోటీలల్ల మార్కులేయడానికి అది పనికి రావచ్చు. కానీ తరతరాలు మనం తెర వెనకే కదా ఉన్నది! పేరున్నోడు పేరు వదులుకుంటే త్యాగమంటరు. పేరే లేనోడు ఏం వదులుకోవాలె?

అందుకే సినిమాలోళ్లకు, పాఠ్యపుస్తకాలోళ్లకు చెప్తున్నా: "జానపదం" అని రాసి చేతులు దులుపుకోకండి. ఏ ఊర్ల, ఏ వాడల, ఎవరి నోట విన్నరో రాయండి. డబ్బులొస్తే వాళ్ల వాటా వాళ్లకియ్యండి. విద్యార్థి తమ్ముళ్లారా, చెల్లెండ్లారా! మీ అవ్వల పాటలు సెల్‌ఫోన్ల రికార్డు చేసేటప్పుడు ముందు ఆమె పేరు చెప్పించండి, ఊరు చెప్పించండి, చేసే పని చెప్పించండి. పాట ఆ తర్వాత. పేరుకు చెవిని మార్చే బలం ఉన్నదంటే, ఆ బలం ఇన్నేండ్లు ఒక్క దిక్కే పనిచేసింది. ఇంక మన పేర్లు కూడా వినబడాలె.